గుండు పప్పు

జైలు బ్రేకు చెయ్యాలన్నాడట
పాత బస్టాండు దగ్గర కుర్రాడెవడో.
ఫోను నా గల్లాబల్ల మీద పెట్టి
అసిరితల్లి అడిగింది:
"జైలేటి బాబూ?
దీన్నెవులు అరెస్టు సేసినారు?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.
ఉద్దానంలో ఆ మాటకి
ఎవరూ వెంటనే నవ్వరు.

ఐఫోను ఎనిమిది. మూల చిట్లిన అద్దం.
మూడు వారాల కూలి ఎగ్గొట్టి
బట్టీ మేస్త్రి బదులుగా చేతిలో పెట్టిన వస్తువు.
అక్షరాలు చీమలంత.
కింద గుండ్రటి మీట మీద
ఆవిడ బొటనవేలు పెడుతుంది,
ఫోను తల అడ్డంగా ఊపుతుంది.

వేళ్ళు చూపించమన్నాను.
ఇరవై రెండేళ్ళు పిక్క కొట్టిన వేళ్ళు.
జీడిరసం గీతలన్నీ తాగేసింది,
తడిగుడ్డతో తుడిచిన పలకలా ఉన్నాయి.
"రేసను మిసను కూడా నన్నెరగదు బాబూ.
నాను నానేనని
నెలనెలా డీలరుతో తగువు."

విరగ్గొట్టడం నాకూ తెలుసు.
తిత్లీ తరవాతి ఏడాది
అక్కుపల్లి కుర్రాడొకడు ఫోను తెచ్చాడు.
కంపెనీ పెట్టిన గోడ బద్దలుకొడితే
ఏదైనా చెయ్యొచ్చని నేనే ఎగదోశాను.
తెల్లారేసరికి ఇటుక.
అందులో గాలికి పడిపోకముందు వాళ్ళ తోట ఉంది,
పూతమీదున్న జీడిమామిళ్ళు
నలభై ఏడు ఫోటోలు.
తోట రెండోసారి కూలింది, నా బల్ల మీద.
వాడేం అనలేదు. అదే నాకు మిగిలింది.

అందుకని ఈసారి సెట్టింగుల్లోకే వెళ్ళాను,
ఎవరూ తిరగని గదుల్లోకి.
అక్షరాలు లావు చేశాను, చింతపిక్కలంత.
పేర్లు తెలుగులోకి తిప్పాను.
అరిగిన మీటకి బదులు
తెర మీదే తేలే చుక్కని తెచ్చిపెట్టాను.
వీపు మీద రెండుసార్లు తడితే లైటు,
మూడుసార్లు తడితే
కూతురు నాగరత్నానికి ఫోను.

ఇంక వేలు మిగిలింది.
పదివేళ్ళూ తిప్పితిప్పి చూస్తే
ఎడమచేతి చిటికెనవేలు,
పిక్కని తాకకుండా
ఎప్పుడూ దూరంగా నిక్కి నిలబడేది,
దాని మీద మాత్రం ఉన్నాయి గీతలు
వరిమడి గట్లలా సన్నగా.
ఎత్తి పెట్టమన్నాను, మళ్ళీ, ఇంకోసారి.
తెరుచుకుంది.

అసిరితల్లి వేలు వెనక్కి లాక్కుంది,
దొంగతనం చేసినట్టు.
"ఇదీ నానేనా?"

నంబరు కూడా ఒకటి పెట్టుకోమన్నాను, ఆరంకెలు.
ముఖం తిప్పుకున్నాను గాని
ఆవిడ పైకే చదివేసింది
గ్రేడింగు గదిలో చదివినట్టు:
"రెండునలభై, మూడిరవై."

"పగలగొట్టలేదు కదా?" అంది పోతూ.
లేదన్నాను.
"మంచిపని సేసినావు.
పిక్క మీద కోపం సూపిత్తే బద్దయిపోద్ది,
బద్దకి రేటు నేదు.
సీలికెక్కడుందో సూసి
అక్కడొక్క దెబ్బ.
గుండుగా వత్తాది,
నువ్వు తీసినట్టు కాదు,
అదే వచ్చినట్టు."

డబ్బులొద్దంటే
కొంగు ముడి విప్పి గుప్పెడు పప్పు
కాగితంలో పోసింది.
మెట్లు దిగి, కరెంటు లేని సందులో నిలబడి
వేలి కణుపుతో ఫోను వీపు మీద
టక్ టక్.
వెలుగు ఆవిడకన్నా ముందు నడిచింది
రైల్వేగేటు దాకా.

షట్టరు సగం దించాక
కింది సొరుగు లాగాను.
అక్కుపల్లి కుర్రాడి ఫోను
ఛార్జరు తీగల అడుగున అలాగే ఉంది.
తీసి, తిరగేసి,
వీపు మీద
రెండుసార్లు తట్టాను.