విడుదల కాగితం

కౌంటీ కచేరీలో కింది అంతస్తు, మూడో కిటికీ.
ఇరవై రెండేళ్ళుగా ముద్ర కొడుతున్న చెయ్యి నాది.
పెన్సిల్వేనియాలోని ఈ మూలన ఎవరి నేల ఎవరిదో
అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా చెబుతాను.

ఆ ఏడాది మాత్రం
సిరా మెత్త మూడుసార్లు మార్చాం.
గ్యాస్ కంపెనీ కుర్రాళ్ళు కుర్చీలు చాలక
మెట్ల మీద కూర్చుని,
మోకాళ్ళ మీద మా రిజిస్టర్లు పరుచుకుని
జనం ముత్తాతల పేర్లు రాసుకునేవారు.
ఒకడు నాకు రోజూ డోనట్ తెచ్చేవాడు.
వాడి పేరు గుర్తులేదు,
దాల్చినచెక్క వాసన గుర్తుంది.

లోవెల్ క్రాట్జర్ వచ్చాడు ఒక మంగళవారం.
నూట అరవై ఎకరాలు, డెబ్బై పాడి ఆవులు.
బూట్ల పేడ గుమ్మానికి రాసి మరీ లోపలికొచ్చి
"గడ్డి నాదే, మట్టి నాదే,
నేనెప్పుడూ చూడనిదానికి డబ్బిస్తారట" అని నవ్వాడు.
మైలు లోతున నల్లరాతి పొరల్లో
ఇరుక్కున్న ఊపిరికి
ఎకరాకి రెండు వేల డాలర్లు.
ఐదేళ్ళు. సగం ఇప్పుడు, సగం తవ్వినప్పుడు.

ఇప్పటి సగం కొట్టం మీద ఎర్ర రేకులైంది,
ఆర్డిత్‌కి పైవరస పళ్ళైంది.
రాబోయే సగం మీద ట్రాక్టర్ వచ్చింది.
సంతకం చెయ్యనన్న పొరుగాయన వోయ్‌చిక్‌తో
కంచె దగ్గర మాటలు ఆగిపోయాయి.
చర్చిలో కూడా బెంచీ మార్చుకున్నారు.

తరవాత ఉత్తరం.
ఒక్క పేరా. "మార్కెట్ పరిస్థితుల దృష్ట్యా."
కింద సంతకం కూడా అచ్చువేసిందే.

వెళ్ళిపోయినవాళ్ళు వదిలినవి:
గులాబీ రిబ్బన్లు కట్టిన కర్రలు,
గడ్డిచేను మధ్యనుంచి పోయి ఎక్కడికీ చేరని కంకర రోడ్డు,
చదును చేసిన ఐదెకరాలు.
ఆ ఐదెకరాలూ ఇక సాగు కింద రావని
పాత ఏళ్ళ పన్ను కట్టమని నోటీసు.
అది పంపింది మా పై అంతస్తే.

గడువు తీరింది. కానీ నా పుస్తకంలో తీరలేదు.
కంపెనీ విడుదల కాగితం పంపితే తప్ప
ఆ పొలం ఇంకా కట్టేసే ఉంది.
బ్యాంకు అప్పు తిరగరాయనంటోంది,
కొనేవాడు ముందు ముడి విప్పుకు రమ్మంటాడు.
ఓక్లహోమా నంబరు హ్యూస్టన్‌కి తిప్పుతుంది,
హ్యూస్టన్‌లో సంగీతం వినిపిస్తుంది,
చివరికొక ఆడగొంతు మర్యాదగా అంటుంది:
ఆ పేరుతో ఇప్పుడు ఏ సంస్థా లేదండీ.

లేనివాడికి కట్టేసి ఉంది నేల.

ఒక సంగతి చెప్పలేదు.
నాకూ పదకొండెకరాలున్నాయి, మా నాన్న ఇచ్చినవి.
నా కాగితం మీద ముద్ర నేనే కొట్టుకున్నాను,
మధ్యాహ్న భోజనం వేళ, ఎవరూ చూడకుండా.
అందుకే లోవెల్ "వచ్చిందా?" అని అడిగినప్పుడు
నా మొహంలో అతను ఏం చూస్తాడో నాకు తెలుసు.

అక్టోబరులో, ఎవరూ పిలవకుండానే,
వోయ్‌చిక్ తన లోడరు తోలుకుని వచ్చాడట.
పొద్దుగూకేదాకా ఇద్దరూ కంకర ఎత్తారు.
మాట్లాడుకున్నారా అంటే
"ఇంజను మోతలో ఏం వినపడుతుంది" అన్నాడు లోవెల్.

నిన్న ఒక రాయి తెచ్చి బల్ల మీద పెట్టాడు.
"దీన్నైనా నమోదు చెయ్యి."
ఏం తోచిందో, తేదీ ముద్ర తీసి దానిమీద నొక్కాను.
నెల పడింది, రోజు పడింది.
సంవత్సరం దగ్గర రాయి గుంటపడి ఉంది,
సిరా అంటలేదు.

రాయి నా కిటికీలోనే ఉంది.
నాలుగున్నరకి మూసేస్తాం.