అసలు దావా నంబరు 212

చెదలు ముందు అంచుల్ని తింటాయి,
తర్వాత తేదీల్ని.
పేర్ల దగ్గరికొచ్చేసరికి ఎందుకో నిదానిస్తాయి.
అందుకే మోచర్ల అనంతరామయ్య, జిల్లా మున్సిఫు,
నూటనలభై ఏళ్ల తర్వాత కూడా
నా బల్లమీద సంతకం పెడతానే ఉండాడు.
కందుకూరు నెల్లూరుకీ ప్రకాశానికీ మధ్య అటూ ఇటూ నడిచింది,
రికార్డు రూములో ఆయన అర మాత్రం కదల్లేదు.

నెల్లూరులో నకళ్లు రాసే గుమాస్తాగా పదేళ్లు.
అణాకి ఇన్ని పంక్తులని లెక్క.
ఆ పొదుపు చివరిదాకా పోలేదు,
తీర్పుల్లో కూడా మార్జిన్ వదలడు.
కావలి. గూడూరు. మళ్లీ కావలి.
ఒకసారి కనిగిరికి,
ఎవరో దొరకి దణ్ణం ఆలస్యంగా పెట్టినందుకంట.
ఇది కాగితంలో లేదు, మా పాత నాజరు చెప్పినాడు.
గట్టు తగాదాలు, పళ్లు ఊడిన ఎద్దుని పడుచుదని అమ్మిన తగాదాలు,
స్వర్ణముఖి వదిలిన మేట ఎవరిదని
అన్నదమ్ములు ఆరేళ్లు తిరిగిన కేసు.
పైకోర్టు తిరగ్గొట్టినవి పదకొండు.
వాటిని ఒకే దారంతో కుట్టి పెట్టుకున్నాడు.

ఆఖరి రెండేళ్లు ఇక్కడ.
రామాయపట్నం పామంజి పోలమ్మ
మొగుడు నాటిన పద్దెనిమిది తాడిచెట్లు
సావుకారు కలిపేసుకున్నాడని వచ్చింది.
దస్తావేజు లేదు.
సాక్షులు నలుగురు, నలుగురూ చుట్టాలే.
"చెట్లు వాదివే అయివుండవచ్చును. రుజువు కాలేదు"
అని రాసి కొట్టేశాడు.
ఖర్చులు ఏడు రూపాయల నాలుగణాలు
పోలమ్మే కట్టాలన్నాడు.

వెనక రసీదు ఉండాది.
కట్టినవారు పామంజి పోలమ్మ, అని పేరు.
వకాలతులో ఆమె పెట్టింది ఒక అడ్డగీత, అంతే.
మకారం కింది ఒత్తుని పక్క పంక్తిదాకా ఈడ్చే ఆ చెయ్యి
ఇరవై ఏళ్లుగా చదవతా ఉండా,
నాకు తెలుసు ఎవరిదో.

దయో, సిగ్గో,
అప్పీలుకి పోకుండా ఆపి
పదకొండుని పన్నెండు కానీకుండా చూసుకోవడమో.
పోలమ్మకి తెలుసో లేదో.
చెట్లయితే రాలేదు.

నాశనం చేయాల్సిన ఫైళ్ల జాబితా
శుక్రవారంలోగా జడ్జిగారికి పోవాల,
నా చేత్తోనే రాసి.
రెండొందల పదకొండు రాశా.
సిరా ఆరనిచ్చి
రెండొందల పదమూడు రాశా.