ఖాళీ సీసా

చింత చచ్చినా పులుపు చావదంటారు.
ఇక్కడ, ఫిన్లాండు ఉత్తరపు అడవిలో,
స్ప్రూస్ చెట్టు నిటారుగానే ఉంటుంది.
పులుపే చస్తుంది,
వేరు కొసన పుట్టిన గంటకో రెండు గంటలకో.
కంటికానని నోళ్ళు కాచుక్కూచుంటాయి
మట్టి నిండా.

అందుకే ఇర్యాకి ఆ పరుగు.

గొయ్యి గోడలో మూడు రంగులు:
పైన కాఫీ మడ్డి,
నడుమ పొయ్యి బూడిద,
అడుగున పాత గొడ్డలి తుప్పు.
ఒక్కో రంగులో గుచ్చిన పింగాణీ గొట్టం
ఉదయమంతా చప్పరిస్తే
సీసాలో బొటనవేలెత్తు నీళ్ళు.
మూత బిగించి, ఐసుపెట్టెలో పడేసి
నాచు మీద జారుతూ కారు దాకా.
వెనకనుంచి తౌనో (అడవి అతనిది, తాత నాటిది)
"చెంచాడు నీళ్ళకి ఇంత హడావిడా!" అంటాడు
రోజూ అదే మాట.

సముద్రంలో ఇంగువ కలిపితే
ఏ ముక్కు పసిగడుతుంది?
ల్యాబులో ఒక యంత్రం పసిగడుతుంది.
బిందెడు నీళ్ళలో పదో పరకో ఉప్పురవ్వలంత:
ఆక్సాలిక్, సిట్రిక్, మాలిక్,
కాగితం మీద చీమల పుట్టలంత గుట్టలు.
ఆ కాస్త పులుపే
రాతిని కొరుకుతుంది,
ఇనుముని చెయ్యి పట్టుకుని
కింది పొరకి దింపి వస్తుంది.

గురువారం ఖాళీ సీసా అబద్ధమాడింది.
ఏమీ ఉండకూడని నీళ్ళు. అందులో
లాక్టిక్ గుట్ట, ఠీవిగా.
నీళ్ళు మార్చింది. వడపోత మార్చింది.
సీసాల్ని మూడుసార్లు కడిగింది.
శనివారం సాయంత్రం దీపానికెదురుగా పట్టుకుంటే
ఎడమచేతి తొడుగు బొటనవేలికి
సూది మొనంత కన్నం.

చెమట.

వారం సీసాలు పారబోసి
నోటుబుక్కులో రాసింది: "లాక్టిక్: అడవిది కాదు, నాది."
తర్వాత పదకొండేళ్ళ పాత పేజీలు తిప్పుతూ
కాఫీ చల్లారబెట్టుకుంది.
ఏ గుట్ట వేరుది? ఏది తనది?

సోమవారం తౌనోకి చెప్పింది.
వట్టి చేతుల్తో లింగన్‌బెర్రీలు ఏరుతున్నవాడు
అరచేతులు తిప్పి చూసుకున్నాడు.
"ఈ కాలవ మా తాత తవ్వాడు, ఒక్కడే, రెండు వేసవులు.
ఆయన చెమట దొరుకుతుందా నీ గొట్టంలో?"

"దొరకదు. ఆ మధ్యాహ్నమే తినేసుంటాయి."

గొయ్యిలోకి చాలాసేపు చూశాడు.
"మంచి ఆకలే," అన్నాడు.