టేపు తిరగేసిన చోటు

వెర్మాంట్‌లో తెల్లవారుజాము మూడు.
మంచు తోసే బండిలో నేనూ, హీటరూ,
డెబ్భై ఎనిమిది నాటి క్యాసెట్టూ.

హాకీ మైదానం రేకుల కప్పు కింద
పాట ఎప్పుడో దారి తప్పింది.
గిటారు వెతుక్కుంటోంది,
డ్రమ్ములు తొందరపెట్టడం లేదు.
మైకు పక్కనే ఎవరిదో దగ్గు.
"తిరుగుతోందా?" లొరెట్టా గుసగుస.
తిరుగుతోందే పిల్లా, ఇంకా.

పంతొమ్మిదో నిమిషంలో
స్వరాలన్నీ ఒకదాన్నొకటి గుర్తుపట్టబోతుంటే
టక్.
నేనే. టేపు తిరగేస్తున్నాను.
ఆ నలభై సెకన్లు లోకంలో ఎవరి దగ్గరా లేవు.

స్టూడియోలో నునుపు చేసిన రికార్డు
ఇంట్లో ఉందిలే, సీలు విప్పలేదు.

రెండో వైపు మొదలయ్యేసరికి
జనం అప్పటికే అరుస్తున్నారు.
దేనికి?
ఏటా చలికాలం ఒక్కోలా ఈలవేసి చూస్తాను.
ఇవాళ బండి రేకు రాయికి తగిలి
ఖంగుమంది.
అదేనేమో.