ఏడో అంశం

రిజిస్టరులో ఏడో అంశం:
ఒడ్డున కెమెరా స్తంభం. దేశం కోసం.
కార్యదర్శి చదివీసి పెన్ను నా ముందెట్టినాడు.

నాను సూరాడ కొర్లమ్మని, నాలుగో వార్డు.
మా మరిది దానియ్య గుజరాత్ బోటు మీదెళ్ళి
నీళ్ళల్లో గీత తెలీక దాటీసి
పద్నాలుగు నెల్లు పరాయి జైల్లో ఉన్నాడు.
గీతని కాయొద్దనను బావూ.

కానీ ఆ స్తంభం ఎనకాలే
తెల్లారగట్ల ఆడోళ్ళం చీరలు దులుపుకుంటాం,
మొగుడు తిరిగి రానిది ఏడ్సుకుంటాది.

"సముద్రం ఏపు తిప్పు. అలాగని రాయి."
రాసినాడు. సంతకం ఎట్టినాను.

మొన్న తుపానుకి పెంకులెగిరినాయి,
కెమెరా మెడ తిరిగింది.
ఇప్పుడది మా వీధినే చూస్తంది,
దానియ్య గుమ్మం కాడ ఆగి మరీ.

కార్యదర్శినడిగితే తీర్మానం చూపించినాడు.
తిప్పాలంటే నిచ్చెన గావాల.
నిచ్చెన టేషన్లో ఉంది.