ప్రూఫు దిద్దుబాటు

సుల్తాన్‌పేటలో మా అన్నది పెళ్ళికార్డుల అంగడి.
వెనక గదిలో మిషన్, మిషన్ వెనక నేను.
ఇరవై ఆరేళ్ళుగా బెంగుళూరు పెళ్ళిళ్ళన్నీ
మొదట నా చేతికే అంటుకున్నాయి, సిరాగా.

ఈసారి పెళ్ళి భార్గవిది. అన్న కూతురు.
నా భుజాల మీద కూర్చుని అవెన్యూ రోడ్డంతా చూసిన పిల్ల.
ప్రూఫు నేనే తీశాను.
పినతండ్రి, పినతల్లి అన్న చోట
ఓబులేసు, రత్నావళి అని,
మరీ పెద్దగా కాదు, పన్నెండు పాయింట్లలో.

అన్న ఎర్ర పెన్ను తీశాడు.
ముహూర్తం సరిగ్గానే ఉంది.
హాలు పేరులో దీర్ఘం కూడా పడింది.
మా ఇద్దరి పేర్ల మీద ఒకటే గీత,
గీత చివర చిన్న మెలిక.
తీసెయ్యమని గుర్తు. అది అన్నకు నేర్పింది నేనే.

"చింతామణి వాళ్ళు అడుగుతారురా,
మీ తమ్ముడు కిరస్తానంలో కలిసినాడంటనే అని.
నేనేం చెప్పాల?"
మిషన్ ఆడుతోంది గనక విననట్టు ఉండొచ్చు.
విన్నాను.

మునిగింది మార్చిలో,
బోర్లు ఎండిన నెల.
లింగరాజపురంలో ఒక మిద్దె మీద
నల్ల నీళ్ళ తొట్టిని సగానికి కోసి,
సంఘమంతా చందాలేసుకుని అర ట్యాంకరు కొన్నారు.
దేవసహాయం అయ్యగారు నన్ను ముంచి లేపాక
ఆ నీళ్ళు పారబొయ్యలేదు.
కింద అద్దెవాళ్ళు బకెట్లతో మోసుకుపోయారు, కక్కసులకు.
నా పాత మనిషి అట్లా పోయాడు.

పూర్తిగా పోయాడని చెప్పను.
బావమరిది నా బైబిలును
కిలో పద్నాలుగు రూపాయల చిత్తు కాగితాల్లో పడేసిన రోజు
వాడి చొక్కా పట్టుకున్నాను.
తెల్లారి వెళ్ళి తప్పయిందన్నాను. వాడు నవ్వాడు.
ఇప్పటికీ ఆ పేజీల మధ్య
ఎవరివో శుభలేఖల అంచులు, కాస్త బంగారు పొడి.

రత్నావళి నాతో రాలేదు. నన్ను వదిలీ పోలేదు.
శుక్రవారం ఆమె దీపం పెడుతుంటే
పక్క గదిలో మోకాళ్ళ మీద నేను.
మధ్య గోడ ఒంటి ఇటుక గోడ.
ఆమె గంట నాకు వినపడుతుంది, నా గొణుగుడు ఆమెకు.
"నా మోకాళ్ళ నొప్పి గూడా చెప్పు మీ దేవునికి" అంటుంది ఒక్కోసారి.
ఎగతాళో, కాదో.
ఆమె పేరూ పోయింది కార్డులోంచి,
నా పక్కన ఉన్నందుకు.

మానుకోమంటావు గానీ అన్నా,
ఎట్ల చెప్పేది నీకు?
చిన్నప్పుడు సీసం అక్షరాలు పేర్చేవాళ్ళం గదా,
అన్నీ తిరగేసి, అద్దంలో మాదిరి.
అంగడికి వచ్చినవాళ్ళెవరికీ చదవరాదు,
నీకూ నాకూ తప్ప.
నా బతుకు అట్లా తిరగబడి ఉన్నప్పుడు
తడుముకోకుండా చదివినవాడు ఒకడున్నాడు.
అంతే. వాదించడం నాకు రాదు.

నీ పేరు జీవగ్రంథంలో ఉందంటారు అయ్యగారు.
నేను అచ్చుపనివాణ్ణి,
ప్రూఫు చూడనిదే ఏ పుస్తకాన్నీ నమ్మను.
ఇదొక్కటీ నమ్మాను.

పేర్లు తీసి వరసలు సర్దాను,
అక్కడ ఖాళీ ఉన్నట్టు ఎవరికీ తెలియకుండా.
ఆరువందల కార్డులు. ఒక్కదానిలోనూ రంగు చెదరనివ్వలేదు.
పసుపు పెట్టే పని సలీముకిచ్చాడు అన్న,
నేనేమీ అనకముందే.
నా మీద దయో, నా చెయ్యి తగులుతుందనో.
వాడు నాలుగు మూలలా అద్దుకుంటూ
"చాచా, నీ పేరేదీ?" అన్నాడు.
"చోటు చాల్లేదురా" అన్నాను.
అబద్ధం. ఆదివారం ఒప్పుకోవాలి.

రాత్రి పదింటికి అన్న వచ్చి
ఒక కార్డు ట్యూబులైటుకు ఎత్తి చూశాడు.
"కుదురుగా వచ్చింది" అన్నాడు.
కార్డుతో అన్నాడు, నాతో కాదు.
అయినా తీసుకున్నాను.

షట్టరు దించి చేతులు కడుక్కుంటే
గోళ్ళ కింద నలుపు అట్లాగే ఉంది,
అర ట్యాంకరు నీళ్ళకే పోనిది.
ఎల్లుండి ఈ చేతులే చాపుతాను,
రొట్టెముక్క కోసం.