నాలుక కింద

చెంచాతో రెండు మాత్రలు నలిపి
తెల్లటి పొడి నాలుక కింద పోసి
"పది నిమిషాలు. మింగకు, మాట్లాడకు"
అంటుంది హెప్సీబా సిస్టర్.
సూళ్ళూరుపేట మనిషి.
నా నోరు మూయించేది కూడా నా భాషలోనే.

గోడ మీద ఏడు నలభై.
మాట్లాడొద్దంటేనే గదా
మాటలన్నీ లేచి నిలబడతాయి.

ఆసుపత్రి చిట్టాలో నా పేరు కొండమ్మాళ్.
నేను కొండమ్మనే. చివర ఆ అక్షరం ఎవరిదో తెలీదు.
గుమాస్తా ఉచితంగా ఇచ్చాడు,
మాత్రలాగా, స్కానింగులాగా,
మధ్యాహ్నం గుడ్డులాగా.

చెత్తబండి తొయ్యడం మా అమ్మ నేర్పలేదు.
చూసి నేర్చుకున్నా,
పులియంతోపులో తెలుగు నేర్చుకున్నట్టే.
నడుం పట్టేసిన రోజు
మెడికల్ షాపు కుర్రాడు బల్ల కిందినుంచి తీసిచ్చాడు.
"నొప్పికే అక్కా."
నిజంగా నొప్పికే.
మొదటి మాత్రకి బండి బరువు తగ్గింది.
నలభయ్యో మాత్రకి నేను తగ్గాను.
ఆ తర్వాత మాత్ర లేకపోవడమే నొప్పి.
ఆ తర్వాత నీళ్ళు, సూది.
అది చెప్పను.
నాలుక కింద పొడి ఉంది.

ఏడు నలభై మూడు. చేదు.

అత్త అడిగింది, "మందు మానడానికి మందా?"
ముల్లుని ముల్లుతోనే తియ్యాలంటారు.
ఆ రెండో ముల్లూ గుచ్చుకుంటుందని
ఎవరూ చెప్పరు.
కాకపోతే దాన్ని పట్టుకున్న చెయ్యి వేరు.

సర్కారంటే మాకు
తెల్లారుజామున లారీ తెచ్చి
సామాన్లెక్కించి ఊరవతల దింపేది.
ఈ చెంచా కూడా ఆ సర్కారుదేనంట.
కాగితం తిప్పి చూశా.
రెండింటికీ ఒకటే ముద్ర.

మొదటి రోజు రక్తం తీసే అబ్బాయి
నరం దొరక్క నా చెయ్యి తిప్పి చూసి ఆగాడు.
లాక్కున్నాను.
"పాదంలో తీద్దామా?" అన్నాడు, అంతే.
రెండో రోజు నేను రావడానికి
ఆ మాట చాలింది.

ఒక్కసారిగా మానొద్దంది డాక్టరమ్మ.
నేనొక్కదాన్నే అయితే
తలుపేసుకుని, వాంతి చేసుకుని, గోడకి తల బాదుకుని
మానేదాన్నేమో.
ఇప్పుడు నేను వణికితే
లోపల ఇంకొకరి ఇల్లు కదులుతుంది.
ఆరో నెల.

ఎదురు బెంచీ మీద షమీలా.
ఒళ్ళో తువ్వాలు చుట్టిన బిడ్డ, ఇరవై రోజులు.
పుట్టగానే సన్నగా, తెగకుండా ఏడ్చిందంట.
లైటు తగ్గించి
తల్లి రొమ్ముకే ఆనించి ఉంచారంట, రాత్రీ పగలూ.
తీసుకుపోలేదా నీనుంచి? అని కళ్ళతో అడిగాను.
తన నోట్లోనూ పొడే.
తల అడ్డంగా ఊపింది.
నోళ్ళు మూసుకుని ఇద్దరు ఆడవాళ్ళు
ఇంత మాట్లాడుకోవడం
ఈ ఊళ్ళో నేను చూళ్ళేదు.

బేసిన్ బ్రిడ్జి దగ్గర రైలు కూత.
ఏడు యాభై.
"నాలుక ఎత్తు."
ఎత్తాను. ఏం లేదు.
కూడబెట్టుకున్న మాటలు కూడా, చూస్తే,
పొడితోపాటే పోయినట్టున్నాయి.
ఒక్కటి మిగిలింది.
"రేపు ఆదివారం సిస్టర్. వానంటున్నారు. తెరుస్తారా?"
"మేం తెరుస్తాం. మునిగేది మీ వీధి. నువ్వెట్లా వస్తావు?"

చెప్పులు చేత్తో పట్టుకుని వస్తా, అన్నాను.
చిట్టా నా వైపు తిప్పింది.
తెలుగు రాయడం నాకు రాదు.
తమిళంలోనే సంతకం పెట్టాను,
చివర ఒక అక్షరం తక్కువగా.